గోజీ బెర్రీ: సీసా మీద చీటీ రాసే ముందు

మా మేనల్లుడు ఒంగోలు కర్నూలు రోడ్డులో డ్రై ఫ్రూట్స్ కొట్టు పెట్టి నాలుగేళ్ళయింది. 31 ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైన నాకు ఆ కొట్టులో ఒకటే ఉద్యోగం: గాజు సీసాల మీద పేర్లు రాయడం. జీతం లేదు. సాయంత్రం ఒక టీ, గుప్పెడు వేయించిన పల్లీలు. బాదం, పిస్తా, అంజీర, ఎండు ఖర్జూరం దాకా పని హాయిగానే సాగింది. ఒకరోజు వాడు ఎండుమిర్చి రంగులో ముడతలు పడిన చిన్న చిన్న పండ్లను ఒక సీసా నిండా పోసి నా ముందు పెట్టాడు.

"అత్తా, దీనిమీద ఏమని రాస్తావు?"

"పేరేమిటి?"

"గోజీ బెర్రీ."

"తెలుగులో?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

ఆ ఒక్క చీటీని నాలుగుసార్లు రాశాను. మూడుసార్లు తప్పు రాసి, నాలుగోసారి నిలబడ్డాను. మీరు కొట్టు నడుపుతున్నా, వంటల గురించి రాస్తున్నా, ఇంగ్లీషు నుంచి ఆరోగ్య విషయాలు తెలుగులోకి తెస్తున్నా ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు మీ చేతికి తగులుతుంది. అప్పటికి నా తిప్పలు మీకు పనికొస్తాయి.

ముందు ఒక విషయం. ప్యాకెట్ మీద తెలుగు పేరు దొరుకుతుందని వెతక్కండి. మన దేశంలో ఆహార పదార్థాల లేబుల్ ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే నియమం తీరిపోతుంది. తెలుగు వేస్తే వేయవచ్చు, వేయకపోయినా అడిగేవారు లేరు. అందుకే కొత్త సరుకులకు తెలుగు పేర్లు పుట్టేది కంపెనీల దగ్గర కాదు, ఇదిగో ఇలాంటి కొట్టు సీసాల మీదే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పెన్ను పట్టుకుంటే నాకు కొంచెం భయంగానే ఉంటుంది.

నా మొదటి చీటీ "ఎర్ర కిస్‌మిస్". కొనేవారికి సులువుగా అర్థమవుతుందని అలా రాశాను. బాగానే అర్థమైంది, అదే చిక్కు. సంతపేట నుంచి వచ్చే ఒకామె వరలక్ష్మీ వ్రతానికి పావుకిలో తీసుకెళ్ళి, పరమాన్నంలోకి నేతిలో వేయించింది. కిస్‌మిస్ అయితే నేతిలో బుడగలా ఉబ్బి తేలాలి. ఇవి ఉబ్బవు. క్షణంలో నల్లబడి చేదెక్కుతాయి. మర్నాడు గిన్నెతో సహా వచ్చి, "టీచరమ్మగారూ, ఇవి ఎక్కడి కిస్‌మిస్‌లండీ?" అని అడిగింది. నోట మాట రాలేదు. నైవేద్యం చెడగొట్టింది పండు కాదు, నా చీటీ. ఆమెకు డబ్బు తిరిగి ఇచ్చి చీటీ చింపేశాను.

రెండోది నేను కనిపెట్టింది కాదు. మేనల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక ప్యాకెట్ వెనక ఎవరో తెలుగులో "తోడేలు పండు" అని అచ్చువేశారు. అచ్చులో ఉంది కదా అని రాసి అతికించాను. వారం రోజులు ఆ సీసా మూత ఎవరూ తీయించలేదు. బడికి వెళ్ళే ఒక పిల్లవాడు మాత్రం దాని ముందు నిలబడి, "ఇది తింటే తోడేలు అవుతారా?" అని వాళ్ళ అమ్మను అడిగాడు. ఇంగ్లీషులో ఈ పండుకు ఉల్ఫ్‌బెర్రీ అని ఇంకో పేరుంది. దాన్ని ముక్క ముక్కగా విరిచి తెలుగు చేసినవారి పని ఇది. ఈ మొక్క ప్రజాతి పేరు లైసియం. అందులో గ్రీకులో తోడేలుకున్న 'లైకోస్' అనే పేరు వినిపించి ఉల్ఫ్‌బెర్రీ పుట్టి ఉంటుందని ఒక ఊహ. నిజానికి లైసియం అన్నది ఇప్పటి టర్కీలో ఉన్న లైసియా అనే ప్రాచీన దేశం పేరు మీద వచ్చింది. అంటే ఇంగ్లీషులోనే పక్కదారి పట్టిన పేరును మనం ఇంకో మెలిక తిప్పి తెచ్చుకున్నామన్నమాట. ఇంగ్లీషు పేరును విడగొట్టి అనువదించే ముందు ఆ పేరు అసలు ఎక్కడ పుట్టిందో ఒక్కసారి చూడండి.

మూడో చీటీ మీద మాత్రం నాకు ఇప్పటికీ మమకారం చావలేదు. "సీమకామంచి" అని రాశాను. ఇది నోటికొచ్చినట్టు కట్టిన పేరు కాదు. గోజీ మొక్క వంకాయ కుటుంబానిది. టమాటా, మిరప, బంగాళదుంప, ఉమ్మెత్త, పెన్నేరు, కామంచి అన్నీ ఆ ఇంటివే. చిన్నప్పుడు టంగుటూరులో పొలం గట్ల మీద నల్లగా పండిన కామంచి పండ్లు ఏరుకుని తిన్న నోరు నాది. నానబెట్టిన గోజీని నమిలితే ఆ వరసే తగిలింది. కొంచెం తీపి, అడుగున టమాటా ఛాయ, చివర రవ్వంత చేదు. ఇక బయటి దేశాల నుంచి వచ్చినవాటికి ముందు సీమ తగిలించడం మన పాత అలవాటే కదా: సీమచింత, సీమవంకాయ. ఆ లెక్కన సీమకామంచి శాస్త్రానికీ సరిపోతుంది, చెవికీ ఇంపుగా ఉంటుంది. చీటీ అతికించి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని రెండు సాయంత్రాలు అక్కడే కూర్చున్నాను.

ఒక్కరూ అడగలేదు. ఎవరికీ అది ఏమిటో తెలియలేదు. ఫోనులో గోజీ బెర్రీ బొమ్మ చూపించి "ఇవి ఉన్నాయా?" అని అడిగేవారు, సీసా ఎదురుగానే ఉన్నా. మేనల్లుడు నన్ను నొప్పించడం ఇష్టం లేక, సీసాను లోపలికి జరిపి, ప్యాకెట్లను ముందుకు తెచ్చాడు. నాకు అర్థమైంది. సీమచింత అనే మాటను ఏ పంతులమ్మో కూర్చుని కట్టలేదు. ఆ కాయలు తిన్న నోళ్ళు కట్టాయి. అనాస పోర్చుగీసు వారి నోటి నుంచి వచ్చింది, బత్తాయి బటావియా నుంచి వచ్చిందంటారు. ఆ పేర్లను ఎవరూ అనువదించలేదు, నాలుకకు అనువుగా అరగదీసుకున్నారు. సరుకుతో పాటు పేరూ దిగుమతి అయినప్పుడు, ఆ పేరు జనం నోట అప్పటికే పడిపోయినప్పుడు, దాన్నే చక్కగా, తప్పులేకుండా రాయడం మన పని. నాలుగో చీటీ "గోజీ బెర్రీ".

దాన్ని తప్పులేకుండా రాయడం ఎలాగన్నది ఇక చెబుతాను. ఇందులో మన భాషకు సంబంధించిన సరదా సంగతులు చాలా ఉన్నాయి.

మొదట పలకడం. తెలుగులో జ-కు రెండు పలుకులు. జల్లెడ, జున్ను, జొన్న అన్నప్పుడు నాలుక పళ్ళకు తగిలే జ ఒకటి. జీలకర్ర, జిల్లేడు అన్నప్పుడు అంగిలికి తగిలే జ ఇంకొకటి. ఇకార, ఈకారాల ముందు ఎప్పుడూ రెండోదే. కాబట్టి గోజీలో జీ అంటే జీలకర్రలో జీ. కొట్టుకు వచ్చే కొందరు దీన్ని "గోజు" అంటారు. చివర ఉకారం చేరగానే జున్నులో ఉన్న జ వచ్చి కూర్చుంటుంది, పేరు మొత్తం వేరే ధ్వని అయిపోతుంది. "గోజా" అనేవారూ ఉన్నారు. ఒక పెద్దాయన "గోధుమ బెర్రీ" అన్నారు, పాపం ఆయనకు షుగరు. గోధుమ అన్న మాట వినగానే పక్కనున్న ఆయన భార్య వద్దని లాక్కెళ్ళింది.

ఇక జీకి దీర్ఘం ఉంచాలా, గోజి అని కురచగా రాయాలా? దీర్ఘమే రాయండి, బెర్రీకి కూడా. దీనికి ఒక కారణం ఉంది. తెలుగులో హ్రస్వ ఇకారంతో ముగిసే మాటలు బహువచనంలో ఉకారానికి మారతాయి: గది గదులు, పిల్లి పిల్లులు, పులి పులులు. మీరు బెర్రి అని రాస్తే తెలుగు వ్యాకరణం ఊరుకోదు, రేపు ఎవరో ఒకరు దాన్ని "బెర్రులు" చేస్తారు. దీర్ఘంతో ముగిసినవి చెక్కు చెదరవు: స్త్రీలు, కాఫీలు. అలాగే బెర్రీలు. బెర్రీని, బెర్రీలను, బెర్రీలతో, బెర్రీల రంగు అంటూ విభక్తులన్నీ నున్నగా అతుక్కుంటాయి.

"బెర్రీస్" అని రాయకండి. ఆ స్ ఇంగ్లీషు బహువచనం. మనకు మన లు ఉంది. "రెండు గోజీ బెర్రీస్‌లు" అని రాసిన వంటల పుస్తకాన్ని నా కళ్ళతో చూశాను. ఒక బండికి రెండు జతల ఎద్దులు కట్టినట్టు. మన ఒంగోలులో ఎద్దులకు కరువు లేదు గానీ బండి మాత్రం ఒక్కటే కదా. ఒకే పేరాలో పేరు పదేపదే వస్తుంటే, మొదటిసారి పూర్తిగా గోజీ బెర్రీ అని రాసి, ఆ తర్వాత గోజీ అని గానీ, గోజీ పండ్లు అని గానీ అనండి. ఉదాహరణకు: "పావు కప్పు గోజీ బెర్రీలను కడిగి నానబెట్టండి. గోజీ మెత్తబడ్డాక ఆ నీటితో సహా జావలో కలపండి." ఎండినవా, పచ్చివా అని చెప్పాల్సి వస్తే "ఎండు గోజీ", "తాజా గోజీ". మన దగ్గర కొట్లలో దొరికేది దాదాపు ఎండుదే, కాబట్టి ప్రతిసారీ ఎండు అని చేర్చనక్కరలేదు.

బెర్రీ అన్న ముక్కను తీసేసి పండు అంటే ఏమి పోయింది అని అడిగారు ఒక లెక్చరర్‌గారు. ఏమీ పోలేదు. వృక్షశాస్త్రం తెలుగు పుస్తకాల్లో బెర్రీకి మృదుఫలం అనే చక్కని మాట ఉంది. ఆ శాస్త్రం లెక్కలో టమాటా, వంకాయ కూడా మృదుఫలాలే. స్ట్రాబెర్రీ మాత్రం కాదు. గోజీ నిఖార్సైన మృదుఫలం. పేరులో బెర్రీ ఉన్నవన్నీ బెర్రీలు కాని ఈ లోకంలో దీనికి మాత్రం ఆ బిరుదు న్యాయంగానే వచ్చింది. పాఠంలో గోజీ మృదుఫలం అనండి, కొట్టులో గోజీ బెర్రీ అనండి.

ఇంతకీ గోజీ అంటే ఏమిటి? ఇది చైనా మాట. అక్కడ ఈ మొక్క పేరు సుమారుగా "గౌఛీ" అని వినిపిస్తుంది. మొదటి హల్లు క, గ-ల నడుమ పలుకుతుంది, రెండోదాంట్లో ఊపిరి గట్టిగా కలుస్తుంది. పండును చెప్పేటప్పుడు చివర ఇంకో అక్షరం చేరుస్తారు. దానికి గింజ అనీ, పిల్ల అనీ అర్థాలున్నాయి. ఆ మూడక్షరాల మాటే కొరియాలో గుగిజా అయింది. జపాన్‌వారు మొదటి రెండక్షరాలను కుకో అని పలుకుతారు. ఇంగ్లీషువారు తమ నోటికి పట్టేటట్టు గోజీ చేసుకున్నారు. అక్కడి నుంచి మనకు వచ్చింది. అంటే గోజీ అనేది అసలు పలుకు కాదు, అరువు మీద అరువు. ఈ సంగతి తెలిసి కూడా నేను చీటీని "గౌఛీ" అని దిద్దలేదు. వాడుకలో స్థిరపడిన మాటను మూలం పేరుతో కదపడం చాదస్తం. నాకు చాదస్తం తక్కువని కాదు, సీమకామంచితో నా కోటా అయిపోయింది.

ఆ చైనా పేరు ఎలా కట్టారో తెలిసినప్పుడు మాత్రం పాత విద్యార్థిని కలిసినంత సంతోషం కలిగింది. 16వ శతాబ్దపు చైనా వైద్యుడు లీ షిజెన్ తన ఓషధుల గ్రంథంలో దీన్ని వివరించాడు. గౌ ఒక చెట్టు, ఛీ ఇంకో చెట్టు. ఈ మొక్కకు ముళ్ళు మొదటిదానిలా, కొమ్మలు రెండోదానిలా ఉంటాయి కనుక రెండు పేర్లూ కలిపి పెట్టారట. పదో తరగతిలో సమాసాలు చెప్పేటప్పుడు ఇది తెలిసి ఉంటే బోర్డు మీద రాసేదాన్ని. ఈ పొదలను చైనాలో విరివిగా సాగుచేసే చోటు వాయవ్యాన నింగ్‌షియా ప్రాంతం, పసుపు నది ఒడ్డు నేలలు. అందులోనూ జోంగ్‌నింగ్ పేరు మోసింది. ప్యాకెట్ మీద మంచుకొండల బొమ్మ, "హిమాలయ గోజీ" అన్న మాట కనిపిస్తే మురిసిపోకుండా వెనక్కి తిప్పి ఏ దేశం నుంచి వచ్చిందో చదవండి. నేను చూసిన వాటిలో ముందువైపు హిమాలయం ఉంటే వెనకవైపు చైనా ఉంది. ముందున్నది బొమ్మ, వెనకున్నది చిరునామా.

శాస్త్రీయ నామం రాయాల్సి వస్తే లైసియం బార్బరమ్. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ పెట్టిన పేరు. దీనికి దగ్గరి చుట్టం లైసియం చైనెన్సె. దాని పండ్లనూ గోజీ అనే పిలుస్తారు.

చీటీలు తారుమారైతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి బ్రిటన్‌లో ఉంది. 18వ శతాబ్దంలో, తర్వాత ఆర్గైల్ డ్యూకు అయిన ఒక ప్రభువుగారి తోటకు ఒక తేయాకు మొక్క, ఒక గోజీ మొక్క వచ్చాయట. రెంటి చీటీలు అటుదిటు ఇటుదటు అయ్యాయి. గోజీని తేయాకు అనుకుని పెంచారు. పొరపాటు తెలిసింది గానీ పేరు పోలేదు: ఈనాటికీ అక్కడ కంచెల వెంట పెరిగే గోజీ పొదను "ఆర్గైల్ డ్యూకుగారి తేయాకు చెట్టు" అంటారు. ఈ కథ చదివాక నా ఎర్ర కిస్‌మిస్ తప్పు కొంచెం చిన్నదిగా కనిపించింది. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? బేకరీలో కేకు మీద నిగనిగలాడే ఎర్ర "చెర్రీ" చాలాచోట్ల పాకంలో ఊరి, రంగు పూసుకున్న వాక్కాయే.

దగ్గరగా వినిపించే, దగ్గరగా కనిపించే పేర్లతో ఇంకో ప్రమాదం. ఒకాయన ఆయుర్వేద వైద్యుడు రాసిచ్చిన చీటీ తెచ్చాడు, అందులో "గోజిహ్వ" అని ఉంది. కొట్టులో కొత్తగా చేరిన కుర్రవాడు గోజి వరకు చదివి, మిగతా అక్షరం సున్నితంగా వదిలేసి గోజీ బెర్రీ తూచాడు. అదృష్టం బాగుండి నేను అక్కడే ఉన్నాను. గోజిహ్వ సంస్కృతం: గో అంటే ఆవు, జిహ్వ అంటే నాలుక. ఆవు నాలుకలా గరుకైన ఆకులున్న మూలికకు ఆ పేరు. తెలుగులో ఎద్దునాలుక చెట్టు అనేది ఆ కోవదే. యునానీ మందుల్లో వినిపించే గావ్‌జబాన్‌కూ పారశీకంలో ఆవు నాలుక అనే అర్థం. గోజీకి గోవుతో ఏ సంబంధమూ లేదు, పండుకు ఆకుతో అంతకన్నా లేదు. రాసేటప్పుడు గోజిహ్వను గోజి అని కుదించకండి, గోజీని సంస్కృతం చేయబోయి "గోజిహ్వ ఫలం" అని పెంచకండి. రెండోది ఒక వాట్సాప్ సందేశంలో చూశాను.

రూపంలో పోలిక ఉన్నవి పెన్నేరు పండ్లు. అశ్వగంధ అంటే అందరికీ తెలుస్తుంది. పలచటి పొరసంచి లోపల ఎర్రగా, గుండ్రంగా ఉంటాయి. మన మెట్ట నేలల్లో కనిపించే మొక్కే. "మా చేలో గోజీ కాసింది" అని ఒకరు గుప్పెడు తెచ్చి చూపించారు. గోజీ గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది, పొరసంచిలో దాక్కోదు. కంచెల్లో కనిపించే ఎర్ర పండుకల్లా గోజీ అని పేరు పెట్టి నోట్లో వేసుకోకండి. ఆ కుటుంబంలోనే ఉమ్మెత్త కూడా ఉందని ఇందాక చెప్పాను.

ఇక వాడకం. మాట వాడకం అయింది, పండు వాడకం చెప్పకపోతే మేనల్లుడు నా టీ ఆపేస్తాడు.

కొనేటప్పుడు సీసాలో చూడండి. అన్నీ ఒకే రకంగా పెయింటు వేసినట్టు మెరిసే ఎరుపులో ఉంటే అనుమానించాలి. మంచి గోజీలో కొన్ని ముదురుగా, కొన్ని లేతగా, ఇటుక రంగు నుంచి నారింజ దాకా ఉంటాయి. తొడిమ ఊడిన చోట తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక ఒక చెంచాడు గోజీని గోరువెచ్చని నీటిలో వేయండి. నీరు నెమ్మదిగా పసుపు, లేత నారింజ రంగుకు తిరగాలి. వేయగానే ఎర్ర సిరా కలిపినట్టయితే రంగు పూశారనుకోవచ్చు. విరిచి చూస్తే లోపల చిన్నగా, చదునుగా, మిరపగింజల అక్కచెల్లెళ్ళలాంటి గింజలుంటాయి. వాటిని తీయనక్కరలేదు.

ఒంగోలు గాలిలో ఉప్పూ చెమ్మా రెండూ ఉన్నాయి. మూత వదులైతే వారంలో గోజీ అంతా ఒకే ముద్ద. బిగుతు మూత సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి, తడి చెంచా పెట్టకండి. ముద్దకట్టినా పాడైనట్టు కాదు, విడదీసుకోవచ్చు. పుల్లని వాసన వస్తే మాత్రం పారేయండి.

తినడానికి ముందు ఒకసారి కడిగి, పది పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. మనిషికి రోజుకు ఒక పెద్ద చెంచాడు చాలు. చైనా అధికారిక ఔషధ గ్రంథం చెప్పే మోతాదు కూడా రోజుకు 6 నుంచి 12 గ్రాములే. నానిన నీటిని పారబోయకండి, తీపంతా అందులోకి దిగుతుంది. నేను రాగి జావ దించాక పైన వేస్తాను. పరమాన్నంలో వేయాలంటే సంతపేట ఆమె అనుభవం గుర్తుంచుకుని, నేతిలో వేయించకుండా పొయ్యి కట్టే ముందు నానిన పండ్లను కలపండి. చైనాలో చామంతి పూల టీలో వేస్తారు, కోడి పులుసులాంటి సూపుల్లో, బియ్యపు గంజిలో చివర్లో చల్లుతారు. మా ఇంట్లో ఒకసారి చేపల పులుసులో వేశారు మా కోడలు. దాని గురించి ఇంతకంటే రాయను.

ఈ పండుకు ఆ రంగునిచ్చేది జియాజాంథిన్ అనే పదార్థం. మొక్కజొన్న పసుపులోనూ ఉంటుంది, మన కంటి రెటీనా మధ్యభాగంలోనూ ఉంటుంది. అది కొవ్వులో కరుగుతుంది కనుక ఉత్త నీటితో కంటే పాలతోనో, కాస్త జీడిపప్పుతోనో తినడం మేలు. ఇంతకు మించి కాన్సరు, నూరేళ్ళ ఆయుష్షు, మోకాళ్ళ నొప్పులు అంటూ చీటీ మీద రాయమంటే నేను రాయను. మేనల్లుడితో ఈ విషయంలో ఒకసారి పోట్లాట కూడా అయింది. "పక్క కొట్లో రాశారు అత్తా," అన్నాడు. రాసుకోనీ అన్నాను.

చీటీ మీద తప్పక రాయాల్సిన మాట ఒకటుంది, అది చిన్న అక్షరాల్లో కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే వారు గోజీ తిన్నప్పుడు మందు ప్రభావం పెరిగి రక్తస్రావ ప్రమాదం వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గుండె కవాటం మార్పించుకుని ఇలాంటి మాత్రలు వేసుకుంటూ, రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండేవారు డాక్టరును అడగకుండా ఒక్క చెంచా కూడా మొదలుపెట్టకూడదు. బీపీ, షుగరు మాత్రలు వాడేవారు, గర్భిణులు కూడా అడిగే తినాలి. అందుకే మా కొట్టులో గోజీ అడిగిన ప్రతివారినీ "ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మందు వాడుతున్నారా?" అని అడుగుతాం. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

చివరికి సీసా మీద నిలిచిన చీటీ ఇది: పైన పెద్ద అక్షరాల్లో "గోజీ బెర్రీ". కింద "కామంచి కుటుంబపు ఎండు పండు, చైనా". ఆ కింద ఎర్ర సిరాతో "రక్తం పలచబడే మందు వాడేవారు డాక్టరును అడగండి". సీమకామంచిని పూర్తిగా వదులుకోలేక కామంచిని రెండో వరసలో కూర్చోబెట్టుకున్నాను, గమనించే ఉంటారు.

దానివల్ల వచ్చిన తంటా ఒకటుంది. కొండపి వైపు నుంచి ఒక పొగాకు రైతు నెలకోసారి వస్తారు. మా నాన్నకు కూడా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉండేది కనుక ఆయనతో మాటలు కలుస్తాయి. కామంచి కుటుంబం అంటే ఏమిటమ్మా అని అడిగితే వంకాయ నుంచి మొదలుపెట్టి, "మీ పొగాకు కూడా ఆ ఇంటిదే, గోజీకి చుట్టమే" అని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ మరుసటి నెల గుమ్మంలోంచే, "అమ్మా, ఆ పొగాకు చుట్టం వంద గ్రాములు కట్టించండి," అన్నారు. కొట్టులో ఉన్న నలుగురూ చుట్ట అనుకుని వెనక్కి తిరిగి చూశారు. గోజీ బెర్రీ అనాలని మూడు నెలలుగా చెబుతూనే ఉన్నాను. నిన్న మేనల్లుడి ఖాతా పుస్తకం తిరగేస్తుంటే వాడి చేతిరాతలో కనిపించింది: "చుట్టం పండు, 100 గ్రా., కొండపి."